మా నాపరాళ్ల గని: జేజినాయన కాలం నుంచి మా దాకా, తరచుగా అడిగే ప్రశ్నలు

మా గని కొలిమిగుండ్ల వైపు, పాలిష్ ఫ్యాక్టరీ తాడిపత్రిలో. జేజినాయన (తాత), నాయన, ఇప్పుడు నేను, మూడు తరాలుగా ఇదే పని. పండక్కి ఇంటికొచ్చే పిల్లలూ, బండలు కొనడానికి వచ్చేవాళ్లూ, కొత్తగా లీజు తీసుకుందామనుకునే కుర్రాళ్లూ తిప్పితిప్పి అవే సంగతులు అడుగుతుంటారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒకచోట రాసిపెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లొచ్చు.

## రాయి సంగతి

నాపరాయి, కడప రాయి, తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ... ఇవన్నీ ఒకటేనా?

అన్నీ సున్నపురాయే. రంగు మారుతుంది, పొర మందం మారుతుంది, పేరు మాత్రం ఎక్కువసార్లు అది లారీ ఎక్కిన ఊరిని బట్టి వస్తుంది. మనం నాపరాయి అంటాం. బయటి రాష్ట్రాల్లో నల్ల రకాన్ని కడప రాయి అంటారు, కర్నూలు వైపు తీసినా సరే. ఈ ప్రాంతపు రాళ్ల గురించి 1872లో విలియం కింగ్ అనే దొర ప్రభుత్వ సర్వే తరఫున పెద్ద నివేదిక రాశాడు. ఇక్కడి ముఖ్యమైన పొరకు కడప జిల్లాలోని నార్జి ఊరి పేరు ఉంది, కానీ ఆ పొరను శాస్త్రవేత్తలు కలిపింది 'కర్నూలు గ్రూపు'లో. అంటే కడప రాయి అని అమ్మేది పుస్తకం లెక్కలో కర్నూలు రాయి. ఈ ముక్క మా కడప బావమరిది ఇప్పటికీ ఒప్పుకోడు.

పలకల్లా పొరలు పొరలుగా ఎందుకు విడిపోతుంది?

ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది. చేపలూ చెట్లూ పుట్టకముందు మాట. అడుగున సున్నపు బురద నిదానంగా పేరుకుంది. మధ్యమధ్యలో పల్చగా మట్టి పొర పడింది. ఆ మట్టి పొర దగ్గరే ఇప్పుడు బండ విడిపోతుంది. నల్లమల వైపు పొరలు మడతలు పడ్డాయి. మన వైపు అవి దాదాపు చాప పరిచినట్టే మిగిలాయి. అందుకే ఇక్కడ గడ్డపారతో బండ లేచింది.

బెలుం గుహల రాయీ ఇదేనా?

అదీ సున్నపురాయే. నీళ్లు సందుల్లోకి దిగి రాయిని కరిగించుకుంటూ పోతే గుహ అవుతుంది. బెలుం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేశాడు. 1980ల మొదట్లో గెబౌర్ అనే జర్మన్ ఆయన బృందంతో వచ్చి కొలిచాడు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. మా గనిలోనూ అప్పుడప్పుడు పిడికిలి పట్టేంత, ఒక్కోసారి మనిషి దూరేంత బొక్కలు తగులుతాయి, నిండా ఎర్రమట్టి. అది కనబడిందంటే చుట్టుపక్కల బండ పనికిరాదు, ఆ మూల వదిలేయాల్సిందే. చిన్నప్పుడు మాకవి పాము పుట్టలని చెప్పి భయపెట్టేవారు.

## జేజినాయన కాలం

గని ఏ సంవత్సరంలో మొదలైంది?

మా జేజి లెక్క 'కర్నూల్లో గుడారాలు వేసినప్పుడు'. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. భవనాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. ఆ మూడేళ్లలోనే మా పొలం నుంచి మొదటి ఎద్దులబండి బండలతో బయలుదేరింది. ఆవిడకు తారీఖులతో పని లేదు. కాన్పులూ కరువులూ గుడారాలే ఆవిడ క్యాలెండరు.

రాయి పని మీ కులవృత్తా?

కాదు. మావాళ్లు మెట్ట రైతులు. జొన్న, కొర్ర వేసేవారు. ఒక చెలక మాత్రం ఎప్పుడూ ఏడిపించేది. జానెడు మట్టి కింద రాయి, నాగలి కర్రు వంగిపోయేది. ఆ చేను చూసి 'ఇది పంటకు కాదు సామీ, బండకు' అన్నది ఒక వడ్డెర మేస్త్రి. అసలు విద్య వాళ్లది. మాది నేల మాత్రమే. ఇప్పుడు మూడు తరాల వ్యాపారమని మేం చెప్పుకుంటున్నాం గానీ, ఆ మేస్త్రి ఇంట్లోనూ మూడు తరాలు మా గనిలోనే పనిచేశాయి. బోర్డు మీద ఉన్నది మా ఇంటిపేరు ఒక్కటే.

మిషన్లు లేనప్పుడు బండ ఎలా లేపేవారు?

ముందు పైమట్టి తీయాలి. తట్టలతో ఆడవాళ్లు మోసేవారు. తర్వాత పగిలిపోయిన పైరాయి, దాన్ని అవతల పారేయాలి. ఆ కింద అసలు పొర తేలుతుంది. దాన్ని చీపురుతో ఊడ్చి, నీళ్లు చల్లి, మేస్త్రి కూర్చుని చూసేవాడు. తడి ఆరేటప్పుడు సన్నని పగుళ్ల గీతలు కాసేపు నల్లగా నిలబడతాయి. చుట్టూ ఆరిపోయినా పగులులో తడి ఉంటుంది కదా. బొగ్గుముక్కతో ఆ గీతల వెంట గుర్తు పెట్టేవాడు. బండ ఎక్కడిదాకా వస్తుందో తేలేది అప్పుడే.

తర్వాత అంచున మట్టి పొర ఉన్నచోట ఉలులు వరసగా దించేవారు. ఒకే ఉలిని గట్టిగా కొడితే బండ మూల విరుగుతుంది. అందుకని ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో ఉలికీ ఒక్కో దెబ్బ వేస్తూ, మళ్లీ మొదటికొచ్చేవారు. మూడు నాలుగు వరసలు తిరిగేసరికి చప్పుడు మారుతుంది. అప్పటిదాకా టంగుమనేది కాస్తా బొదబొదలాడుతుంది. పొర ఊడిందన్నమాట. ఇక గడ్డపారలు దూర్చి నలుగురు ఒక్కసారి ఎత్తితే బండ లేచి కూర్చుంటుంది. కింద పొర మీద చెయ్యి పెడితే ఎంత ఎండలోనైనా చల్లగా ఉండేది. నేను చిన్నప్పుడు గనికి పోయేది దానికోసమే.

బాంబులు పెట్టేవారా?

పెడితే బండ మిగలదు. రోడ్డు కంకరకూ సిమెంటుకూ రాయి ముక్కలైనా ఫర్వాలేదు, మాకు పలక నిలవాలి. పేలుడు అదురుకు కంటికి కనబడని పగులు పడితే పాలిష్ మిషను కింద రెండు ముక్కలవుతుంది. జేజినాయన కాలంలో పక్క గనివాళ్లు తొందరపడి మందు పెట్టారు. ఆ మూల గుట్ట మొత్తం చిప్పలు చిప్పలుగా లేచింది. ఇప్పటికీ దాన్ని మందుగుండు తిప్ప అనే అంటారు.

అప్పట్లో ఈ బండలు ఎవరు కొనేవారు?

చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. మిద్దెల పైకప్పుకు, అరుగులకు, బావి గట్టుకు, బట్టలుతికే బండకు, పశువుల కొట్టానికి. పొలం చుట్టూ నిలువుగా పాతితే కంచె. పాలిష్ ఊసే లేదు, లేపింది లేపినట్టే అమ్మకం. దూరం పోవాల్సినవి ఎద్దులబండ్ల మీద తాడిపత్రి స్టేషనుకు చేరేవి. మద్రాసు నుంచి రాయచూరు పోయే రైలుమార్గం 1871కే పూర్తయింది కాబట్టి తాడిపత్రికి రైలు కొత్త కాదు. బండి రాత్రి బయలుదేరితే తెల్లారేసరికి స్టేషను. దారిలో ఇరుసు విరిగితే ఆ రోజు లాభం కమ్మరికి.

## నాయన కాలం

పాలిష్ ఫ్యాక్టరీ ఎందుకు పెట్టారు?

గరుకు బండకు పక్క ఊరు దాటితే గిరాకీ లేదు. అదే బండ అంచులు కోసి, ముఖం నునుపు చేస్తే బెంగళూరు దాకా పోతుంది. నాయన ఒకసారి బేరానికని పోయి, మన బండే మూడు చేతులు మారి ఒక ఇంటి నడవలో మెరుస్తుండటం చూశాడు. ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడలేదని అమ్మ చెబుతుంది. మూడో రోజు ఎద్దులు అమ్మాడు.

మొదటి మిషను ఒకటే కోత, ఒకటే పాలిష్. గరుకు సాన రాళ్లతో మొదలుపెట్టి, నీళ్లు పోస్తూ, సన్న సానకు వస్తారు. రాయి పని తెలిసిన జేజినాయనకు ఫ్యాక్టరీ అస్సలు నచ్చలేదు. 'గనిలో బండ కోసం ఎదురు చూసేవాళ్లం, ఇక్కడ కరెంటు కోసం ఎదురు చూస్తున్నారు' అనేవాడు. తప్పేం చెప్పలేదు. నాయన తరం టెన్షన్ అంతా కరెంటుతోనే.

గని ఒకచోట, ఫ్యాక్టరీ తాడిపత్రిలో ఎందుకు?

తాడిపత్రిలో రైలు ఉంది, లారీలు దొరుకుతాయి, బ్లేడు అరిగితే పక్క వీధిలోనే దొరుకుతుంది. కొనేవాడు ఒక ఫ్యాక్టరీకి వస్తే పది చూస్తాడు. గని దగ్గర ఇవేవీ లేవు. గని వైపు వచ్చే నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం కోయిలకుంట్ల, బనగానపల్లె మీదుగా పూర్తిగా అందుబాటులోకి వచ్చింది 2016లో. అప్పటికి మా షెడ్డు పాతదైపోయింది.

ఫ్యాక్టరీల పక్కన తెల్లటి బురద ఏమిటి?

కోతలోనూ పాలిష్‌లోనూ అరిగిన రాయి పొడి, నీళ్లతో కలిసి పారుతుంది. తొట్టెల్లో తేర్చితే నీళ్లు మళ్లీ వాడుకోవచ్చు, కింద బురద మిగులుతుంది. ఎండితే పౌడరు, గాలికి లేచి చెట్ల ఆకుల మీద కూర్చుంటుంది. చాలా ఏళ్లు మేం కూడా రోడ్డు పక్కనే పోశాం. ఇప్పుడు తొట్టె కట్టి ట్రాక్టరుతో పాత గుంతలోకి తోలుతున్నాం. ముందే చేయాల్సిన పని.

సిమెంట్ ఫ్యాక్టరీలు వచ్చాక మీకు లాభమా, నష్టమా?

వాళ్లకూ సున్నపురాయే కావాలి. ఒక టన్ను సిమెంటుకు సుమారు ఒకటిన్నర టన్నుల రాయి. కానీ వాళ్లు చూసేది రాయిలో సున్నం ఎంత అని, మేం చూసేది పలక లేస్తుందా అని. చట్టం కూడా వేరుచేస్తుంది: సిమెంటుకు పోయే సున్నపురాయి పెద్ద ఖనిజం, పలకలుగా తీసే నాపరాయి చిన్న ఖనిజం. రోడ్లు బాగుపడ్డాయి, కరెంటు మెరుగైంది. కూలీలు మాత్రం నెలజీతం చూసి అటు పోయారు, తప్పుపట్టలేం. మా గనిలో వానాకాలం పనే ఉండదు.

అన్నదమ్ముల పంపకం ఎలా జరిగింది?

పొలమైతే ఎకరాలు లెక్కబెట్టి తాడు పట్టుకుని పంచుకోవచ్చు. గనిలో ఒక ఎకరం కింద మూడు మంచి పొరలుంటాయి, పక్క ఎకరం కింద బొక్కలూ మట్టీ. పెద్దనాయన, నాయన, చిన్నాయన ముగ్గురూ ఒక్కో మూల ట్రయల్ గుంత తవ్వించారు. మూడు గుంతలకూ ఆ వడ్డెర మేస్త్రి కొడుకునే తీర్పరిగా పెట్టారు. అతను చెప్పింది విన్నాక ముగ్గురూ మంచి మూలే కావాలన్నారు. ఆరు నెలలు మాటల్లేవు. చివరికి పెద్దనాయనకు తడి పొలం, చిన్నాయనకు గని, నాయనకు ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ ముందు ఇంటి గని బండే కొనాలన్నది మాట. కాగితం మీద రాసుకోని మాట కాబట్టి మూడేళ్లే నిలబడింది.

మేనత్తలిద్దరికీ ఏమీ రాలేదు. ఆడపిల్లలకు సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రంలో చట్టం సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది గానీ, అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. చట్టం అడ్డు రాలేదు కదా అని మావాళ్లు అడగనూ లేదు, ఇవ్వనూ లేదు. పెద్దత్త ఇంటి వంటగదికి బండలు పంపామని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

## మా కాలం

పొలం మనదైతే లీజు ఎందుకు?

పట్టా మనదైనా, బండ తీసి అమ్మాలంటే గనుల శాఖ అనుమతి కావాలి. దీనికి ఆధారం 1966 నాటి చిన్న ఖనిజాల నిబంధనలు. సర్వే స్కెచ్, హద్దు రాళ్లు, తవ్వకం ప్లాను, రాయల్టీ కట్టి తీసుకునే పర్మిట్లు, ఒక్కటి లేకపోయినా లారీ రోడ్డెక్కదు. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో తీర్పు ఇచ్చాక ఐదు హెక్టార్ల లోపు చిన్న గనులకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరైంది. మాలాంటివాళ్లకు అసలు మలుపు అదే. జేజినాయనకు రాయి లేపడం కష్టం, నాయనకు కరెంటు కష్టం, నాకు ఫైలు కష్టం. కొత్తగా దిగేవాళ్లకు నేను చెప్పేది: హిటాచీ (తవ్వే మిషను) కొనకముందు కాగితాలు తెలిసిన మనిషిని చూసుకోండి.

కూలీల భద్రతకు రూల్స్ ఉండేవా?

1952 గనుల చట్టంలో చిన్న గనులకు కొంత మినహాయింపు ఉండేది: ఎక్కడా ఆరు మీటర్లకు మించి లోతు పోకూడదు, ఏ రోజూ యాభై మందికి మించి ఉండకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు. అలాంటి గనుల్లో కూడా పిల్లలను పనిలో పెట్టకూడదనే ఉండేది. మా పాత చిట్టాలో కూలీల పేర్ల వరసలో 'చిన్నోడు, అర కూలి' అని కొన్ని చోట్ల ఉంది. జేజినాయన చేతిరాత. దాని గురించి చెప్పడానికి సమర్థింపు ఏమీ లేదు.

ఎప్పుడైనా జరిమానా పడిందా?

పడింది, తప్పు మాదే. పడమటి హద్దురాయి మట్టి కింద పూడిపోయింది. పొర చక్కగా పోతోంది కదా అని పోతూనే ఉన్నాం. కొలతకు వచ్చినప్పుడు చూస్తే మా లీజు దాటి పన్నెండు అడుగులు బయట ఉన్నాం. తీసిన రాయికి లెక్కకట్టి కట్టమన్నారు. ఫ్యాక్టరీలో కొత్త బ్లేడు కోసం దాచిన డబ్బు అటే పోయింది. అప్పటినుంచి హద్దురాళ్లకు సున్నం కాదు, ఎర్ర పెయింటు. ఏడాదికోసారి సంక్రాంతి ముందు కొట్టిస్తాం.

మీది ఇప్పుడు ఏ జిల్లా?

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక కొలిమిగుండ్ల నంద్యాల జిల్లాలోకి పోయింది. తాడిపత్రి అనంతపురంలోనే ఉంది. గని ఒక జిల్లా, ఫ్యాక్టరీ ఇంకో జిల్లా ముందు నుంచీ అలవాటే. లెటర్‌హెడ్డులు మాత్రం మళ్లీ అచ్చు వేయించాం.

టైల్స్ వచ్చాక ఇంకా ఎవరు కొంటున్నారు?

ఇంటి లోపలి నేల గుజరాత్ మోర్బీ టైల్స్ తీసుకుపోయాయి, వంటగట్టు గ్రానైట్ తీసుకుపోయింది. మిగిలింది వరండా, మెట్లు, డాబా, వాకిలి, కాంపౌండు, గోదాములు, అల్మారా అరలు. కొత్తగా పెరిగింది గరుకు బండ గిరాకీ. తోటల్లో నడకదారులకు, రిసార్టు గోడలకు పాలిష్ వద్దంటున్నారు. జేజినాయన అమ్మిన సరుకే. నాయన ఎద్దులమ్మి పెట్టిన పాలిష్ మిషను ఇప్పుడు వారానికి మూడు రోజులు తిరుగుతోంది.

గని పక్కన పారేసిన రాళ్ల తిప్పలూ, పాత గుంతలూ ఏం చేస్తారు?

తీసిన రాయిలో అమ్ముడుపోయేది తక్కువ, పారేసేది ఎక్కువ. బెలుం దారిలో పోయేవాళ్లకు గుట్టల్లా కనబడేవి చాలావరకు ఇవే. మా పాత తిప్పను కొంత కంకరకు ఇచ్చాం, కొంత గుంతలోకే తోశాం. ఒక గుంతలో ఏడాదంతా నీళ్లుంటాయి, గొర్రెలకు ఆసరా. దాని చుట్టూ కంచె వేయకముందు ఒక ఎద్దు పడి చచ్చిపోయింది. మనిషి కాకపోవడం మా అదృష్టం.

పిల్లలు ఈ పని చేస్తారా?

పెద్దవాడు చెయ్యనన్నాడు. అమ్మాయి ఫ్యాక్టరీ లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించింది, బేరాలు ఫోన్లో తనే మాట్లాడుతోంది. గనికి పోతే బండ తడిపి చూస్తుందే గానీ పగులు గీత ఇంకా పట్టడం లేదు. ఆ మేస్త్రి మనవడు నేర్పుతున్నాడు.

## కొనేవాళ్లు అడిగేవి

మంచి బండ ఎలా గుర్తుపట్టాలి?

బండను నిలబెట్టి చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. గంటలా మోగితే మంచిది, బొద్దుగా వినబడితే లోపల పొర విడిపోయి ఉంది. తర్వాత నీళ్లు చల్లండి, పగులుంటే ఆరేటప్పుడు గీత మిగులుతుంది. అంచు పక్కనుంచి చూసి మందం సమానంగా ఉందా అని చూడండి. ఒక్క బండ చూసి మొత్తం లారీ కొనొద్దు. నా దగ్గరైనా సరే.

వంటగట్టు మీద తెల్ల మచ్చలు పడ్డాయి, రాయి చెడ్డదా?

రాయి తప్పు కాదు. నిమ్మకాయ, చింతపండు, మజ్జిగ పులుపు సున్నపురాయిని తింటుంది, అక్కడ మెరుపు పోయి తెల్లగా కనబడుతుంది. మరక కాదు కాబట్టి కడిగితే పోదు, మళ్లీ పాలిష్ పట్టించాలి. పైపైన అయితే కొబ్బరినూనె గుడ్డతో రుద్దితే నలుపు తిరిగొస్తుంది, కొన్నాళ్లే. బాత్రూంలో యాసిడ్ మాత్రం పోయొద్దు. ఆరుబయట ఎండలో నల్ల బండ బూడిద రంగుకు తిరగడం కూడా సహజం.

బరువు ఎంత ఉంటుంది?

అంగుళం మందం ఉంటే చదరపు అడుగు ఆరు కిలోల పైచిలుకు. రెండడుగుల చదరం బండ దాదాపు పాతిక కిలోలు. మేడ మీదికైతే మోత కూలి ముందే మాట్లాడుకోండి.

గని చూడ్డానికి రావచ్చా?

రండి. ఉదయం పది లోపు అయితే మంచిది, తర్వాత రాయి మీద నిలబడలేరు. చెప్పులతో కాదు, బూట్లతో. వానపడిన మర్నాడు దించం, అంచులు జారతాయి. పిల్లలను తెస్తే చెయ్యి వదలొద్దు. కింద పొర లేపుతున్న రోజైతే పనివాళ్లను అడిగి, అప్పుడే తేలిన బండ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.